మేస్త్రి సుద్దగీత

మా షెడ్డు మేస్త్రి అనగానే ఆయన ముఖం కాదు, చొక్కా జేబులోని సుద్దముక్క గుర్తొస్తుంది. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, సందర్శకులను తిప్పే పెట్రోలు గోల్ఫ్ కార్ట్‌లను ఇద్దరం బాగుచేసేవాళ్లం. ఇంజను స్టార్ట్ చేసే మోటారు, స్టార్టర్ జనరేటర్‌ను విప్పే ముందు ఆయన మూత మీంచి ఇనప డొల్ల మీదికి ఒకే గీత గీసేవాడు. లోపల తిరిగే ఆర్మేచర్ బయటికి లాగి చూసి, అరిగిన కార్బన్ బ్రష్‌లు మార్చాక, ఆ గీత కలిసేదాకా మూతను తిప్పేవాడు.

“విప్పేది ఎవురైనా విప్పుతారు. ఎట్టుండిందో అట్టనే మూయాల,” అనేవాడు.

ఒక వానాకాలం ఆయన భార్య చనిపోయింది. చర్చిలో చివరిచూపు కోసం శవపేటిక మూత తీయబోయారు.

“ఉండండయ్యా,” అంటూ ఆయన ముందుకొచ్చాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, మూత మీంచి పెట్టె మీదికి గీత గీశాడు.

అందరూ చూశాక మూత పెట్టారు. గీత కలవలేదు. ఆయన వంగి, రెండు చేతులతో మూతను కొద్దికొద్దిగా జరిపాడు. కలిసినచోట వేలితో తడిమి చూసుకున్నాడు.

“సరిపోయింది. ఇంక మేకులు కొట్టండి,” అన్నాడు.