మొదటి జోడు, జపాను పెట్టె

మా వంశంలో మూడు తరాలవాళ్ళు కలిసికట్టుగా శ్రమించి అడవి, పొలం, పల్లకీ అన్నీ పోగొట్టారు. వాళ్ళకు చేతకాక మిగిలిపోయిన ఒకే ఒక్క గౌరవాన్ని మాత్రం నేనొక్కణ్ణే, ఒక మిఠాయి కొట్టులో, నిలబడి పోగొట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే కూర్చుని నవ్వండి. మా ఇంటివాళ్ళ ముందు నిలబడి నవ్వే ఆచారం లేదు.

ఆ గౌరవం ఏమిటంటే, ఆవపల్లి అవతల మా ఊరి సంతలో పంట ఇళ్ళకు చేరాక కోడిపందేలు మొదలవుతాయి. ఆ ఏటి మొదటి జోడును బరిలోకి వదిలే చెయ్యి మా ఇంటిది. ముత్తాత వదిలాడు, తాత వదిలాడు, నాన్న వదిలాడు, తర్వాత నేను. మా తాతలు నేతులు తాగిన మాట నిజమే కాని, మూతులు వాసన చూడడానికి రావడం జనం ఎప్పుడో మానేశారు. ఏడాదికి ఆ ఒక్కరోజు సంతంతా గుక్క బిగబట్టి నా చేతివంక చూసేది. మిగతా రోజులు నేను బైలాడిలా గని టైమాఫీసులో గుమాస్తాను. వెన్ను వంచని గుమాస్తాను.

అవి తొంభైల తొలి రోజులు. టౌన్‌షిప్పులో విజయనగరం నుంచి వచ్చిన అప్పల్రాజు మిఠాయి కొట్టులో ఒక వీడియో గేమ్ పెట్టె దిగింది. బీరువా అంత ఎత్తు, పైన టీవీ, కింద నల్ల గుండున్న రెండు పుల్లలు, ఒక్కో పుల్ల పక్కన బోలెడు బటన్లు. ఇత్తడి బిళ్ళ వేస్తే తెరమీద ఇద్దరు దిగి, కనీసం క్షేమసమాచారాలైనా అడక్కుండా తన్నుకునేవారు.

"ఇది ఎవరు చేశారు?" అన్నాను.

"జపానోళ్ళు బాబూ. ఆ కంపెనీకి కొట్లాట బొమ్మలే యాపారం. పెద్ద ఆపీసుంటాదట. పొద్దున్నే వొచ్చి, ఎవుడు ఎవుణ్ణి ఎలాగ తన్నాలో సాయంత్రం దాకా బొమ్మలేసుకుంటారట. దానికి జీతాలు కూడానట!"

మా పూర్వీకులు జీతం లేకుండా చేసిన పని అది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది పెంపుడు భూతం, వేళకు అన్నం పెడతాం. మా కొండమీది ఇనుపరాయి రైలెక్కి విశాఖపట్నం, అక్కడ ఓడెక్కి జపాను వెళుతుంది. కొండలకు కొండలు మోసుకుపోయినవాళ్ళు ఊరికే ఒక పెట్టె పంపుతారా? మనం ఎలా కొట్టుకుంటామో లోపల ఎవరో కూర్చుని రాసుకుంటున్నారని తేల్చుకున్నాను. ఒకరోజు పెట్టె వెనక చెవి ఆనించాను. లోపల గుర్రుమంటోంది.

"ఎవరో నిద్రపోతున్నారు" అన్నాను.

"అది ఫేను బాబూ" అన్నాడు అప్పల్రాజు. అతన్ని కూడా అనుమానితుల జాబితాలో చేర్చాను.

ఆ పెట్టె ముందు మహారాజులా నిలబడేవాడు ముత్తయ్య. దోర్ల తెగ మనిషి, మా ఊరివాడే. వాళ్ళ నాన్న మా తాత పుంజులకు కత్తులు కట్టేవాడు. ముత్తయ్య ఇప్పుడు గనిలో డంపరు నడుపుతూ నాకంటే పెద్ద క్వార్టరులో ఉండేవాడు. నన్ను 'దొరా' అంటాడు, అదే నోటితో 'నువ్వు' అంటాడు. పుల్ల పట్టాడంటే అతన్ని ఓడించే మొనగాడు టౌన్‌షిప్పులో లేడు.

ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగాక నేను జిలేబీ కొనడానికి వెళ్ళాను. (ఇంట్లో అలా చెప్పాను. నిజానికి పెట్టెమీద నిఘాకు.) ముత్తయ్య నన్ను చూసి వెనక్కి తిరిగాడు.

"ఏంది దొరా, రోజూ దూరంకెళ్ళి సూస్తవ్. ఓ బిళ్ళ ఏసి ఆడరాదు?"

"మేము నిజమైన పుంజుల్ని వదిలినవాళ్ళం. బొమ్మల్ని కాదు."

"వదిలినోళ్ళే. కొట్లాడేది కోడి, మీరు చెయ్యి తీస్తరు. గంతే గద?"

కొట్టంతా నవ్వింది. నా వెన్ను ఇంకో అంగుళం నిటారైంది.

"పందెం!" అన్నాను.

"ఠీక్ హై. నేను ఓడితే నా నల్ల పుంజు నీది. నువ్వు ఓడితే వచ్చే సంతల మొదటి జోడు నేను వదుల్త."

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే దగ్గు తెచ్చుకుని ఇంటికి వెళ్ళేవాడు. నేను ఛాతీ విరిచాను. "ఎవరు గెలిస్తే వాళ్ళే వదలాలి. మా తాతమీద ఒట్టు!"

ఇక కోడిపందెం శాస్త్రం మీకు కొంచెం తెలియాలి. ఎదుటివాడి కత్తికి పసరు పూశారేమో వాసన చూడాలి. ఎదుటి పక్షం చెయ్యి తగిలినదేదీ మన పుంజు నోట్లో పడకూడదు, మంత్రించి ఉండవచ్చు. కోళ్ళు దిగాక బరి చుట్టూ ఎవరూ నోరు విప్పకూడదు. ఈ శాస్త్రాన్ని ఒక్క అక్షరం తగ్గించకుండా ఆ పెట్టెమీద ప్రయోగించాను.

ముందు పుల్లను వాసన చూశాను. పకోడీ వాసన. అది ఎడమవైపు పుల్ల. అందరూ నన్ను అటే నిలబడమన్నారు కాబట్టి కుడివైపుకు మారాను. ముత్తయ్య జేబులు తడిమాను. అప్పల్రాజు జేబులో నిమ్మకాయ దొరికింది.

"ఇదేమిటి?"

"షర్బత్తుకి బాబూ!"

"దొరికిన ప్రతివాడూ అదే అంటాడు" అని దాన్ని బయటికి విసిరేశాను.

అప్పల్రాజు నాకొక ఇత్తడి బిళ్ళ అందించాడు. "ఇదిగోండి బాబూ, మీ బిళ్ళ."

అతని నుదుటిమీద చెమట. నిప్పులేనిదే పొగ రాదు. (అతని వెనక జిలేబీ పొయ్యి మండుతోందని నాకు తట్టలేదు.) "ఎదుటి పక్షం చెయ్యి తగిలింది నా పుంజు నోట్లోకి పోదు" అని బిళ్ళను లాల్చీ జేబులో పడేశాను.

"బాబూ, అది ఎయ్యకపోతే..."

"నోరు మూయి! కోళ్ళు దిగాయి!"

ముత్తయ్య నావంక ఒక చూపు చూశాడు. తన బిళ్ళ వేసి బటను నొక్కాడు.

తెరమీద ఎడమవైపు తెల్లబట్టలవాడు, కుడివైపు ఎర్రబట్టల బండమనిషి. బండవాడు నావాడు! నేను పుల్లను పప్పు రుబ్బినట్టు తిప్పాను. ముందుకు తోస్తే వాడు వెనక్కి పోయేవాడు. వంగమంటే ఎగిరేవాడు. పౌరుషమున్న పుంజు యజమాని మాట వింటుందా? నా వాడి స్వభావానికి మురిసిపోయాను. "తన్ను! ఇంకోటి తన్ను!" అని ఎగిరాను. నా చెప్పు ఒకటి జిలేబీల పళ్ళెంలో పడింది. వెనక జనం కడుపులు పట్టుకుని కేకలు వేస్తున్నారు. నాకు జయజయధ్వానాల్లా వినిపించాయి. పక్కన ముత్తయ్య భుజాలు అదురుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తెల్లబట్టలవాడు నేలకూలాడు. లేచాడు, మళ్ళీ కూలాడు. పందెం నాది!

ముత్తయ్య ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నేను పెద్దమనసు చేసుకుని భుజం తట్టాను. "ఏడవకు ముత్తయ్యా. ఓటమి వీరులకే వస్తుంది."

అతను ఇంకా గట్టిగా ఏడ్చాడు. అప్పుడు అలాగే అనుకున్నాను.

మాట ప్రకారం నల్ల పుంజును తెచ్చి ఇచ్చాడు. సంత రోజున అదే లాల్చీ వేసుకుని, పైన తాతగారి పట్టు ఉత్తరీయం కప్పుకుని, బీజాపూర్ దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆఖరున సైకిలు మీద బుట్టలో పుంజుతో ఊరు చేరాను. సంత మూగబోయింది. వదిలేముందు బరిలో దేవతకు ఒక నాణెం పెట్టాలి. గంభీరంగా జేబులో చెయ్యి పెట్టి, తీసి, మట్టిమీద పెట్టాను.

మా ఊరి పటేలు వంగి దాన్ని తీసి, కొరికి చూశాడు. "ఇదేం పైస దొరా?"

నేను జేబు మళ్ళీ తడుముకున్నాను. ముత్తయ్య ముందుకొచ్చాడు.

"అది పెట్టెల ఎయ్యాల్సిన బిళ్ళ పటేలా. రెండు బిళ్ళలు పడితేనే ఇద్దరి కొట్లాట. ఒక్కటే పడితే పెట్టె సొంతంగ కొట్లాడ్తది. దొర బిళ్ళ ఎయ్యనే లేదు. నేను కొట్లాడింది జపానోని తోటి."

"మరి దొర?"

"పక్కన నిలబడి ఎగిరిండు."

సంతకు నవ్వు రావడానికి ఒక క్షణం పట్టింది. ఆగడానికి చాలాసేపు పట్టింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నోరు మూయమంటివి గద దొరా."

"మరి నువ్వెందుకు ఓడిపోయావు?"

"నిన్ను సూస్తే నవ్వాగలే."

పటేలు చెయ్యెత్తాడు. ఆయనకు నవ్వుకంటే న్యాయం ముఖ్యం. "పందెం మాట ఏంది?"

"ఎవరు గెలిస్తే వాళ్ళే వదలాలె. దొర తాతమీద ఒట్టు."

"గెలిచింది?"

"జపానోడు."

"అయితే మొదటి జోడు వానిదే. ఒట్టు ఒట్టే. వాడేడి?"

"సముద్రం అవతల."

పటేలు గడ్డం గోక్కున్నాడు. "రాలేనోని తరఫున వాని కొలువుల ఉన్నోడు వదలొచ్చు. గసుంటోడు ఎవడన్న ఉన్నడా?"

ముత్తయ్య వేలు నావైపు తిరిగింది. "దొర ఉన్నడు గద. రోజూ రాయి పంపేది వానికే."

పటేలు బరి మధ్యన నిలబడి సంతంతా వినేలా అరిచాడు. "మొదటి జోడు జపాను దొరది! వదిలేటోడు వాళ్ళ గుమాస్తా!"

వదిలాను. వెన్ను వంచకుండానే వదిలాను. నేటికీ ఏటా వదిలేముందు పటేలు అనుమానంగా అడుగుతాడు, "జపానోని కాడ సెలవు తీసుకొచ్చినవా?" అని. తెచ్చానని చెబితేనే బరిలోకి రానిస్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు నాకంటే తెలివైనవాడు, కనీసం తనవే తడుముకున్నాడు. కనుక, ఇకమీదట ఎవరినైనా అనుమానించే ముందు నా జేబు నేనే సోదా చేసుకుంటానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తాతమీద ఒట్టు వేయడం లేదు. ఆయన ఇంకా పోయినసారి ఒట్టు నుంచే కోలుకోలేదు.