పిత్తం కరగాలని ప్రార్థన

వయసులో ఉన్నప్పుడు మనుషులు దేనిదేనికో ఏడుస్తారు. నేను కడపలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో పిత్త లవణాలు గడ్డకట్టడం లేదని ఏడ్చాను. (నవ్వకండి, నా పాసు మార్కులు వాటి చేతిలో ఉండేవి.) కోడిని కోసేటప్పుడు పగలకుండా తీసి పారేస్తామే చేదుతిత్తి, అందులో ఉండే సరుకే ఇది. దాని అణువుకు ఒక పక్క నీళ్లంటే ప్రాణం, రెండో పక్కకు నీళ్లంటే గిట్టదు. అందుకని నీళ్లలో వేయగానే గిట్టని పక్కలను లోపలికి దాచుకుని గుంపులు కడతాయి. కాస్త ఉప్పు, రవ్వంత ఆమ్లం తగిలిస్తే ఆ గుంపులు పొడుగాటి పోగులై, పోగులు చిక్కుపడి, నీళ్లను కదలనీయకుండా పట్టేస్తాయి. అదే జెల్. గొట్టం తలకిందులు చేసినా జారకూడదు. సోమవారం వైవాకు వచ్చే పెద్దాయన ముందు అలా తిప్పి చూపించాలి, లేకపోతే ఇంకో ఏడాది. జనవరిలో బుద్ధిగా గడ్డకట్టిన మహాతల్లి ఏప్రిల్లో మాత్రం చారునీళ్లలా కూర్చుంది. ఎందుకో నాకు అంతుబట్టలేదు.

ఆదివారం బద్వేలు దగ్గర మా ఊరికి పోయాను. నా మొహం చూసి అమ్మ, "ఏందే, ఎందుకేడుస్తాండావు?" అంది.

"పిత్తం గడ్డకట్టల్లమా, కట్టడం ల్యా. నా బతుకు ఐపోయినట్టే!"

పిత్తం గడ్డకట్టాలని కోరుకునే ఆడపిల్ల లోకంలో ఉంటుందని పాపం అమ్మ ఊహకు అందలేదు. ఏడుపులో తిరగేసి చెప్పాననుకుని, తనే సరిదిద్ది చర్చిలో ప్రార్థన మనవి రాసిచ్చింది. పాస్టరయ్య అది చదవగానే మైకత్త లేచింది. (మైకు లేకుండానే మూడు వీధులకు వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు.) మోకాళ్ల మీద పడి, "యేసయ్యా! ఈ బిడ్డ కడుపులో పిత్తం గడ్డకట్టిండాదయ్యా! ఎండకు ఎన్నపూస కరిగినట్టు కరిగిపోవల్ల నాయనా!" అని అరిచింది. చర్చి మొత్తం "ఆమెన్!" అంది.

"కరగకూడదత్తా!" అంటూ నేను లేవబోతే అమ్మ నా చున్నీ పట్టి గుంజింది. "కూర్చో! ప్రార్థనకు అడ్డం తగులుతావా, సిగ్గుల్యాకుండా!"

సోమవారం తొలి బస్సుకు కడప చేరి, మళ్లీ కలిపి, దిక్కుతోచక డిపార్ట్‌మెంటు ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నానికి రాయిలా కట్టింది! అదంతా నా ప్రతిభే అనుకుని మురిసిపోయాను. పెద్దాయన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు, వస్తూనే కరెంటు పోయింది. ఫ్యాను తిరగని గదిలో గొట్టాన్ని బల్ల మీదే ఉంచి ఆయన మొదట ముప్పావుగంట నా థీసిస్ తిరగేశారు, ఆ తర్వాత గొట్టం చేతికి తీసుకుని తలకిందులు చేశారు. అది నింపాదిగా జారి ఆయన జేబులోకి దిగింది.

"ఇది జెల్లా అమ్మా, పానకమా?"

ఆ క్షణంలో నాకు మైకత్త అరుపు గుర్తొచ్చింది. ఎండకు ఎన్నపూస! ఓరి దేవుడా, ఇన్నాళ్లూ దీన్ని కరిగిస్తోంది కడప ఎండే కదా! "సార్, వేడికి కరుగుతుంది, చల్లబడితే మళ్లీ కడుతుంది!" అని, గొట్టంలో మిగిలినదానికి మూత బిగించి అటెండరు తాగునీళ్ల కుండలో ముంచాను. ("ఏమ్మా, ఇంక ఆ నీళ్లు నేను తాగల్లనా?" అన్నాడు అటెండరు. న్యాయమైన ప్రశ్నే.) టీ తాగి వచ్చి పెద్దాయన మళ్లీ తిప్పారు, ఈసారి చేయి బారెడు దూరం పెట్టి. జారలేదు. పాసయ్యాను.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. నిజం చెప్పేద్దామనే లేచాను. ఎదురుగా మైకత్త కళ్లనిండా నీళ్లు పెట్టుకుని చూస్తోంది. "కరిగింది" అన్నాను. అబద్ధమైతే కాదు కదా!

దానికి శిక్ష ఇరవై ఏళ్లు అనుభవించాను. చర్చిలో ప్రేమవిందు జరిగిన ప్రతిసారీ నా ప్లేటు దగ్గరికి గరిటె రాగానే, "ఆ పాపకు కొవ్వుముక్క ఎయ్యొద్దప్పో! పిత్తం మనిషి!" అని మైకత్త పందిరి అదిరేలా అరిచేది. కొవ్వుముక్కంటే నాకు ప్రాణం. ఎన్నిసార్లు లోపల్లోపల తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

మైకత్త పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్ విందులో, వడ్డించే అతను నా ప్లేటులో నిగనిగలాడే కొవ్వుముక్కలు రెండు వేశాడు. అలవాటుగా తలెత్తి చూశాను. ఎవరూ అరవలేదు. పిల్లలకు అణువుల గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరమ్మనై ఉండి, ఆ ముక్కలు తినలేక అంచున పెట్టుకుని, నన్ను చూసి నేనే నవ్వుకున్నాను.