బొత్తాంకు నేర్పిన మర్యాద

మాస్టర్ అంటే బడి మాస్టర్ కాదు, టైలర్ మాస్టర్. ముప్పై ఎనిమిదేళ్ళుగా కోట్లూ ప్యాంట్లూ కుడుతున్న మనిషి. ఎవరైనా గుమ్మంలో అడుగు పెట్టగానే, టేపు ముట్టుకోకుండానే, ఎడమ భుజం అరంగుళం కిందికుందని చెప్పేస్తాడు. ఆ కంటి మీద ఆయనకు అంతులేని నమ్మకం. అంత కన్ను పెట్టుకుని, తన కటింగ్ టేబుల్ కింద ఏడేళ్ళుగా పడుకున్న కుక్కను ఎందుకు చూడలేకపోయాడో ఆ దేవుడికే తెలియాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కుక్క పేరు బొత్తాం. గోధుమ రంగు ఒళ్ళు, గుండె దగ్గర మాత్రం కోటు బొత్తామంత నల్ల మచ్చ. ఇంటి ముందు గదే కొట్టు. అందులో రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల, నడుమ పెద్ద కటింగ్ టేబుల్. మాస్టర్ భార్య కిటికీ పక్క కూర్చుని కాజాలు తీసేది, హెమ్మింగ్ చేసేది. బొత్తాం టేబుల్ కింద గుడ్డ పీలికల మీద పడుకునేది. అది వాళ్ళిద్దరికీ లేకలేక పుట్టిన రెండో సంతానం అని వీధిలో అందరూ ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళూ కాదనలేదు.

మొదట్లో బొత్తాంకు నోరుండేది. తోక మీద ఎవరైనా కాలు పెట్టబోయినా, నిద్రలో ఉండగా మీదికి వంగినా, గొంతులోంచి గుర్రుమనేది. అంతే, అంతకు మించి ఏమీ చేసేది కాదు. ఒకరోజు ఒక లాయరుగారు నల్లకోటు ట్రయల్ వేసుకుని, అద్దంలో వీపు చూసుకోవడానికి రెండడుగులు వెనక్కి వేశారు. టేబుల్ కింద బొత్తాం గుర్రుమంది. ఆయన ఎగిరి గంతేశారు. కోటు చంకలో పెట్టిన గుండుసూదులన్నీ ఒక్కసారిగా ఆయనకే గుచ్చుకున్నాయి. మాస్టర్‌కు తల తీసేసినట్టయింది.

ఆ రోజు నుంచి పాఠం మొదలుపెట్టాడు. బొత్తాం గుర్రుమన్నప్పుడల్లా చేతిలో ఉన్న చెక్క స్కేలుతో దాని ముక్కు మీద ఒక్కటి వేసి, "నోరు" అనేవాడు. గట్టిగా కొట్టేవాడు కాదు, ఆ మాట నిజమే. కానీ ఒక్కసారి కూడా వదిలిపెట్టేవాడు కాదు. కుట్టు ఎక్కడ తప్పినా విప్పి మళ్ళీ కుట్టే మనిషి, దీన్ని మాత్రం సగంలో వదులుతాడా? మూడు నెలలకల్లా బొత్తాం నోరు పడిపోయింది. ఎవరు తోక తొక్కినా మూతి బిగించి పక్కకు జరిగేది.

ఇక మాస్టర్ గొప్ప చూడాలి. కొలతలకు వచ్చిన ప్రతివాడికీ ఇదే కథ. "మా బొత్తాంకు నోట్లో నాలుక లేదండీ. కావాలంటే చెవి పట్టి లాగండి."

"ఆ విద్యేదో మీ ఆవిడ మీద కూడా ప్రయోగించకపోయారా మాస్టరూ?" అని లాయరుగారు నవ్వేవారు.

"నా మీద ఎప్పుడో ప్రయోగించారండీ, మీరే ఆలస్యంగా వచ్చారు," అనేది ఆవిడ, దారం కొరుకుతూ.

అందరూ నవ్వుకునేవాళ్ళు. బొత్తాం తోక ఊపేది.

ఈ ఏడాది మొదట్లో ఆవిడే ఒకసారి అంది. "ఏమండీ, ఇది లేవడానికి ఆలస్యం చేస్తోంది. వెనక కాలు ఈడుస్తున్నట్టుంది."

"వయసు. మనం మాత్రం చకచకా లేస్తున్నామా?" అని మాస్టర్ గుడ్డ మీద సుద్దతో గీత గీసుకున్నాడు. ఆవిడ రెండోసారి అన్నప్పుడు చెవిన కూడా వేసుకోలేదు. నొప్పి ఉంటే కుయ్యోమనదా అనుకున్నాడు. పగలంతా పిల్లతో, గిరాకీతో తీరిక లేక ఆవిడా ఆ మాట వదిలేసింది.

పిల్లంటే మాస్టర్ కూతురి కూతురు. మూడున్నరేళ్ళది. కూతురూ అల్లుడూ రెండు వీధుల అవతలే ఉంటారు, ఇద్దరికీ ఉద్యోగాలు. పొద్దున్నే పిల్లను ఇక్కడ దింపి, సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. పిల్లకు బొత్తామే బొమ్మ, బొత్తామే గుర్రం.

ఒక మధ్యాహ్నం మాస్టర్ కాలరుకు టాకాలు వేస్తున్నాడు. పిల్ల టేబుల్ కింద దూరి, ఎర్ర పీలిక ఒకటి బొత్తాం నడుముకు లంగాలా చుట్టి ముడి వేస్తోంది. "తాతా, బొత్తాంకు కొత్త గౌను," అంది. "కుట్టు తల్లీ, కుట్టు," అన్నాడాయన తలెత్తకుండానే. పిల్ల ముడి బిగించడానికి మోకాలు దాని తుంటి మీద ఆనించి, బరువంతా వేసి లాగింది.

టేబుల్ కింద ఏ చప్పుడూ రాలేదు. తర్వాత వచ్చిన చప్పుడు పిల్ల కేకే.

మాస్టర్ పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను బయటికి లాగేసరికి చెంపంతా నెత్తురు. కంటికి వేలెడు కింద కరిచింది. ఆస్పత్రిలో ఆరు కుట్లు పడ్డాయి. జీవితమంతా కుట్లు వేసిన మనిషి, ఆ ఆరు కుట్లూ చూడలేక వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని చెబుతాను, వినండి. స్కేలు తీసుకుని టేబుల్ కిందికి వంగి, ఈసారి గట్టిగానే, విరిగేదాకా కొట్టాడు. బొత్తాం టేబుల్ కాలికి అతుక్కుని కళ్ళు మూసుకుంది గానీ కుయ్యిమనలేదు. భార్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పటికి స్కేలు రెండు ముక్కలైంది.

కూతురు అరవలేదు. ఆ సాయంత్రం గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, అది ఇక్కడున్నంత కాలం నేను పిల్లను తీసుకురాను," అంది. వెనక్కి తిరగబోయి, "చంపెయ్యమని నేను అనలేను. అదీ నా చేతుల్లోనే పెరిగింది. మీరే ఏదో ఒకటి చెయ్యండి. రెండు వారాలు చూస్తాను," అని వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టర్ బొత్తాంను కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ అంతా విని, "కరిచే ముందు గుర్రుమందా?" అని అడిగింది.

"లేదండీ. అసలు గుర్రుమనదు. చిన్నప్పుడే మాన్పించేశాను," అన్నాడు మాస్టర్. అలవాటైన గర్వం ఆ పూట కూడా గొంతులో కాస్త పలికింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఎలా మాన్పించారు?"

చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బొత్తాం మూతికి గుడ్డ కట్టి, తుంటి దగ్గర వేలితో మెల్లగా నొక్కింది. బొత్తాం ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. కళ్ళ తెల్లగుడ్లు కనిపించాయి. చప్పుడు మాత్రం లేదు.

"తుంటి కీలు అరిగిపోయింది. ఏడాదిగా నరకం పడుతూ ఉండుంటుంది," అంది. "గుర్రుమనడమంటే కుక్క 'వద్దు, దూరంగా ఉండు' అని చెప్పడమండీ. మీరు దాని కోపం మాన్పించలేదు, చెప్పడం మాన్పించారు. చెప్పే దారి లేనిదానికి ఇక మిగిలింది పళ్ళేగా."

మాస్టర్ బొత్తాం మూతికి కట్టిన గుడ్డ విప్పాడు.

"నొప్పికి మందులిస్తాను. హెచ్చరించే కుక్కయితే జాగ్రత్తగా ఉంచుకోవచ్చు. చెప్పకుండా కరిచే కుక్కను పిల్లలున్న ఇంట్లో ఉంచుకోమని నేను చెప్పలేను. ఎవరికైనా ఇద్దామన్నా, కరిచిందని చెప్పి ఇవ్వాలి. చెబితే ఎవరూ తీసుకోరు. ఈ రెండు వారాల్లో దానికి నోరొస్తుందేమో చూడండి. రాకపోతే, బాధ తెలియకుండా ప్రాణం తీసే సూదే దారి."

అదిగో, అలా మొదలైంది రెండో పాఠం. మొదటి దానికి మూడు నెలలు పట్టింది, దీనికి పద్నాలుగు రోజులే. మాస్టర్ విరిగిన స్కేలు ముక్కలు బయట పడేశాడు. గిరాకీని వాయిదా వేశాడు. అరవై దాటిన మనిషి, టేబుల్ కిందికి మోకాళ్ళ మీద పాకి, కుక్క ముఖంలో ముఖం పెట్టి, "గుర్ర్... అనరా. ఇలా. గుర్ర్..." అంటూ కూర్చున్నాడు. భార్య చూసి మొదటిరోజు నవ్వింది. రెండోరోజు చూడలేక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. బొత్తాం మాత్రం ఆయన అన్నంత సేపూ విని, ఆయన ముక్కు నాకేది.

అన్నం పెట్టి గిన్నె లాక్కుని చూశాడు. పడుకుని ఉండగా మీదికి వంగి చూశాడు. ఎన్ని చేసినా బొత్తాం మూతి బిగించుకుని పక్కకు జరిగేది. ఎంత బాగా నేర్పాడో ఆయనకు రోజురోజుకీ తెలిసొచ్చింది. మందులతో నొప్పి కాస్త తగ్గినట్టుంది, వీధి చివరిదాకా నడుస్తోంది. అదొకటి ఆయన గుండెను మరింత కోసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం, ఇక ఏ దారీ తోచక, తన చేత్తోనే బొత్తాం తుంటి మీద మెల్లగా నొక్కాడు. "నొప్పి అని చెప్పరా నాయనా. నన్ను తిట్టు," అన్నాడు.

బొత్తాం పైపెదవి వణికింది. గొంతులో ఎక్కడో లోతున, సన్నగా, తుప్పు పట్టిన మిషన్ చక్రం కదిలినట్టు, గుర్రుమంది.

మాస్టర్‌కు పట్టరాని సంతోషం వచ్చింది. "అన్నావురా, అన్నావు," అంటూ నిమరడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి చూసి బొత్తాం నేలకు అతుక్కుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ముక్కు ముందుకాళ్ళ మధ్య దాచుకుని, పడుకున్నచోటే తడుపుకుంది. దెబ్బ కోసం కాచుకుని అలాగే ఉండిపోయింది. ఆయన ఎంతసేపు పిలిచినా కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత తుంటి ముట్టుకున్నా పెదవి కూడా కదల్లేదు.

పద్నాలుగో రోజు కూతురు ఫోన్ చేసింది. "ఏమైనా చెబుతోందా నాన్నా?" అంది. గొంతులో ఆశ ఉంది. ఒక్కసారి గుర్రుమంది అని చెప్పొచ్చు, అబద్ధం కూడా కాదు. ఆరు కుట్లు పడ్డ చెంప మాస్టర్ కళ్ళముందు కదిలింది.

"లేదమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున బొత్తాంను భుజాన వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. పదకొండింటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. భార్య కిటికీ దగ్గరే ఉంది. చేతిలో కాజా సగంలో ఆగిపోయింది.

"సూది గుచ్చినప్పుడు మూలిగిందా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు మాస్టర్. "నా చేతులకేసి చూసి నోరు మూసుకుంది."