సంతకం లేని ఫారం

క్లేటన్‌లో మా అద్దె ఇంటికి ఒక అలవాటు ఉండేది. ఇండియా నుంచి చదువుకోవడానికి వస్తున్నానని ఎవరైనా ఈమెయిల్ పంపితే, ఏ కోర్సో అడిగే ముందు బౌలింగా, బ్యాటింగా అని అడిగేవాళ్లం. ఆడతానన్నవాడి కోసం ఎయిర్‌పోర్టుకి కారు వెళ్లేది. రెండు వారాలు హాల్లో పరుపు, రెండు పూటలా అన్నం. బదులుగా ఆదివారాలు మా క్రికెట్ జట్టుకి ఆడాలి. మాకు ఆటగాళ్లు దొరికే దారి అదొక్కటే.

నేను ఆడేదాన్ని కాదు. వంట చేసేదాన్ని, స్కోరు రాసేదాన్ని, బౌండరీ దగ్గర నిలబడి అరిచేదాన్ని. ఇంట్లో అందరికంటే పెద్దదాన్ని కాబట్టి అందరికీ అక్కనే.

వై టూ కే అని లోకమంతా భయపడిన గడియ దాటిపోయి, కంప్యూటర్లు ఎప్పట్లాగే పనిచేస్తున్న ఏడాది అది. ఆ చలికాలంలో కరీంనగర్ నుంచి ఒక ఫాస్ట్ బౌలర్ దిగాడు. మా పెరట్లో వాడు వేసిన మొదటి బంతికి, వికెట్ల బదులు పెట్టిన చెత్తడబ్బా ఎగిరి కంచె దగ్గర పడింది. ఆ క్షణం నుంచి నేను వాడి అభిమానిని. ఎవరినీ ముట్టుకోనివ్వని నా గోంగూర పచ్చడి సీసా తెచ్చి వాడి ముందు పెట్టాను.

“నేనేడికి పోత అక్కా? మీ టీమ్‌కే ఆడ్త,” అన్నాడు వాడు ముద్ద నోట్లో ఉండగానే.

నేను లీగ్ వాళ్ల ఫారం తీశాను. దాని మీద సంతకం పెడితే ఆ ఏడాది ఇంకో జట్టుకి ఆడకూడదు. గుంటూరు నుంచి వచ్చిన మా కెప్టెన్ దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

“అన్నం పెట్టి సంతకం అడిగితే ఏం బాగుంటదక్కా? మాటిచ్చాడుగా!”

నాకూ సిగ్గేసింది. ఫారం సొరుగులో పడేశాను. మేం చేసిన తప్పు అదే.

లీగ్‌లో ఒక నిబంధన ఉండేది. సీజన్ మొదటి ఆదివారం పదకొండు మందితో రాని జట్టును ఆ ఏడాదికి తీసేస్తారు. ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు మా బౌలర్ బ్యాగు సర్దుకుని వంటింట్లోకి వచ్చాడు.

“ఏమనుకోకక్కా. వేరే టీమ్‌కు పోతున్న. గా టీమ్‌ల అందరు సాఫ్ట్‌వేరోళ్లే. నా రెజ్యూమే వాళ్ల మేనేజర్‌కు ఇస్తరంట. ఫారం మీద సంతకం గూడ చేసిన.”

“మరి మాకిచ్చిన మాట?”

“ఆట అన్నం పెడ్తదా అక్కా?”

ఆట పెట్టదు. నేను పెట్టాను. నిజానికి వాడన్నదాంట్లో తప్పు లేదు. నా రెజ్యూమే తీసుకుంటామని ఎవరైనా అంటే నేనూ వెళ్లేదాన్నేమో. కానీ ఆ రోజు నాకు న్యాయం అక్కర్లేదు. ఒళ్లు మండిపోతోంది.

“పో. ఆ గోంగూర సీసా కడిగిపెట్టి మరీ పో,” అన్నాను. కడిగే వెళ్లాడు.

శనివారమంతా కెప్టెన్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఒకడికి పెట్రోల్ బంకులో షిఫ్టు, ఇంకొకడికి సోమవారం పరీక్ష. లెక్క పది దగ్గరే ఆగిపోయింది.

“వదిలేద్దాం అక్కా. ఈ ఏడాదికి లేదనుకుందాం.”

సొరుగులోంచి ఆ ఖాళీ ఫారం తీసి నా పేరు రాసి సంతకం పెట్టాను.

“ఆడవాళ్లు ఆడకూడదని ఇందులో ఎక్కడుందో చూపించు.”

పాపం, నిజంగానే రెండు వైపులా చదివాడు. ఎక్కడా లేదు.

మొదటి మ్యాచ్ వాడు చేరిన జట్టుతోనే. రెండో బ్యాటింగ్ మాది. తొమ్మిది వికెట్లు పడ్డాయి, ఇంకా ఎనిమిది పరుగులు కావాలి. నడుము దాకా వచ్చే ప్యాడ్లు కట్టుకుని నేను దిగాను. అవతలి వైపు కెప్టెన్. ఎదురుగా బంతి పట్టుకుని మా బౌలర్. వాడి ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి.

మొదటిది పసిపిల్లకి అందించినట్టు మెల్లగా, దూరంగా వేశాడు. వాడు వెళ్లిపోయిన రోజు కూడా నాకంత కోపం రాలేదు. పిచ్ మధ్యకి నడిచాను.

“పప్పులో ఉప్పు తగ్గితే ఊరుకున్నావా నువ్వు? సరిగ్గా వెయ్యి.”

“తగుల్తదక్కా.”

“తగలనీ.”

ఈసారి దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. బంతి తొడకి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ చెయ్యి పెట్టి రుద్దుకోలేదు. చివరి బంతి అంతకంటే వేగంగా వచ్చింది. కళ్లు మూసుకున్నానో తెరిచానో గుర్తులేదు. బ్యాటుకి తగిలి నా కాళ్ల దగ్గర ఆగిపోయింది.

తర్వాతి ఓవర్‌లో కెప్టెన్ సిక్సర్ కొట్టబోయి క్యాచ్ ఇచ్చాడు. ఓడిపోయాం.

స్కోరు పుస్తకంలో ఆఖరి వరుస నేనే రాశాను. నా పేరు, పక్కన సున్నా, నాటౌట్. వాడు వాళ్ల కారెక్కబోతూ ఆగి నా దగ్గరికొచ్చాడు.

“దెబ్బ గట్టిగ తాకిందా అక్కా?”

“మీతో మళ్లీ ఆడే మ్యాచ్‌లో ఇంకా గట్టిగా వెయ్యి,” అన్నాను. “మేం లీగ్‌లోనే ఉన్నాం.”