పిన్ని పెట్టిన బొట్టు

ఇరవై ఆరేళ్ల వయసులో మనిషికి తెలియనిది ఏదీ ఉండదు. ఆ తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోతుంది. రెండు వేల ఆరు ప్రాంతంలో నేను కొత్తపేటలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. మూఢనమ్మకం ఎక్కడ కనబడినా వాదానికి దిగేవాణ్ణి (పెళ్లిభోజనాల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కారు). అలాంటి నన్ను అంబాజీపేట లైబ్రరీవారు ‘కారణం లేనిదే కార్యం లేదు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాలని స్నేహితుడి లాప్‌టాప్ బతిమాలి తెచ్చుకుని, ముందురోజే అక్కడి పిన్నిగారింట్లో దిగాను. ప్రసంగమంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, భద్రంగా ఉంటుందని లాప్‌టాప్‌కే గుచ్చి ఉంచాను.

మర్నాడు సభకి గంట ముందు మీట నొక్కితే నల్లటి తెర, దాని మీద సిస్టం డిస్కు కనబడటం లేదంటూ ఒక తెల్లక్షరాల వాక్యం. బ్యాటరీ తీసి పెట్టాను. ప్లగ్గు మార్చాను. కొబ్బరి నిలవుంచిన ఇల్లు కదా, చెమ్మ పట్టిందేమోనని ఫ్యాను కింద ఆరబెట్టాను. అదే వాక్యం. బొమ్మలు లేకపోతే చెప్పడానికి నా దగ్గర ఆవేశం తప్ప ఏమీ లేదు.

“కొత్త వస్తువు కదరా, బొట్టు పెట్టేవా?” అంది పిన్ని. “లారీకైనా కొబ్బరికాయ కొట్టందే బాబాయిగారు లోడెత్తనివ్వరు.”

“పిన్నీ, నేను మాట్లాడబోయేదే దాని గురించి!”

“మాట్లాడుదువుగానిలే. ముందు అది తెరుచుకోవాలిగా.”

అరగంట మిగిలింది. “సరే పెట్టు, ఎవరికీ చెప్పకు” అన్నాను (ఆ మాట అన్న నోటితోనే ఇది రాస్తున్నాను). పిన్ని చీరకొంగుతో లాప్‌టాప్‌ని శుభ్రంగా తుడిచి, మూత మీద రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టి, “నొక్కు” అంది. నొక్కాను. తెరుచుకుంది. పిన్ని నా చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, “ఇది మర్చిపోకు” అంది.

సభలో పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కాను. మళ్లీ నల్లతెర. మూత మీది బొట్టు సభకేసి చూస్తోంది. “మాస్టారూ, బొట్టు చెరిగిందేమో చూడండీ, ఆయ్!” అన్నారు వెనక నుంచి ఎవరో. హాలంతా నవ్వు. చెవులు కాలిపోతుండగా పెన్‌డ్రైవ్ కేసి చూశాను. తుడవడానికి అడ్డమని పిన్ని పీకింది దీన్నే! లాప్‌టాప్ లేస్తూనే తన సిస్టం డిస్కు కోసం ముందు ఇందులో వెతుక్కుంటోంది. పీకేసి నొక్కితే లేచింది. ఇంక నన్ను పట్టుకునేదెవరు? రుమాలుతో బొట్టు తుడిచేసి, గుచ్చి ఒకసారి, పీకి ఒకసారి చేసి చూపించాను. “చూశారా, కారణం ఇదీ!”

ముందు వరసలోంచి పిన్ని లేచింది. “అదేరా అబ్బాయ్, బొట్టు పెట్టబట్టే కదా నేను దాన్ని పీకేను?”

హాలంతా చప్పట్లు, అవి నాకు కావు. ఆమె మాటకి జవాబు తర్వాత చాలా వ్యాసాల్లో రాశాను. ఒక్కటీ ఆమెకి చదివి వినిపించలేదు. బ్యాటరీని అనుమానించాను, ప్లగ్గునీ చెమ్మనీ అనుమానించాను. నా ప్రసంగం ఉన్నదాన్ని మాత్రం అనుమానించాలని తోచలేదు.

ఇప్పటికీ లాప్‌టాప్ మొరాయిస్తే ముందు దానికి గుచ్చినవన్నీ పీకి, చుట్టూ శుభ్రంగా తుడుస్తాను. బొట్టు పెట్టను. తుడవడం అయ్యాక ఒక్క క్షణం మాత్రం, ఎవరో “నొక్కు” అనాలని ఆగుతాను.