మూడో వరుస

సమ్మమ్మది తొర్రూరు దిక్కు ఊరు. పెనిమిటి పోయినంక, చంటి కొడుకును చంకనేసుకొని హన్మకొండకు వచ్చి, వెంకట్రాజం మేస్త్రి దగ్గర ఇటుకలందించే పనికి కుదిరింది. అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు గనుక కొడుకు పేరు యాకయ్య. దేవుని దయవల్ల చదువబ్బింది. పద్దెనిమిదేండ్లకు నేవీలో చేరాడు.

డెబ్బై ఒకటి యుద్ధంలో, సముద్రపు ఒడ్డునున్న పట్నాన్ని కాపాడబోయిన ఓడ మునిగిపోయింది. అందులో మన జిల్లా పిల్లలు ఆరుగురు. సమ్మమ్మకు టెలిగ్రాం వచ్చింది గానీ కొడుకు రాలేదు. పిడికెడు మన్ను పోసి ఏడ్వడానికి జాగా అన్నా మిగలని చావు అది.

రెండేండ్లకు హైస్కూలు ఆవరణలో ఆ ఆరుగురి పేర్లు చెక్కిన నల్లరాయి నిలబెట్టారు. గద్దె కట్టింది వెంకట్రాజమే. సమ్మమ్మ ఉరుక్కుంటూ పోయింది.

"అన్నా, నా కొడుకు ఏడున్నడు ఇందుల?"

మేస్త్రి తాపీ కడుక్కుంటూ చెప్పాడు. "మూడో వరుసల ఉన్నడు చెల్లె. సల్లగ పడుకున్నడు. ఏడ్వకు."

సమ్మమ్మ కొడుకును తల నుంచి కాళ్ల దాకా చూసుకున్నట్టు, రాయిని పైనుంచి చూసింది. ఒకటి, రెండు, మూడు. మూడో పేరు మీద పసుపు బండారి అద్ది, మొఖం ఆనించింది.

ఆ నాటి నుంచి ప్రతి బేస్తారం పొద్దున ఆమె అక్కడే. బడి అటెండర్ మొగిలయ్య రాయి కడగడానికి చెంబెడు నీళ్లు ముందే పెట్టి ఉంచేవాడు. ఒక్క బేస్తారం మరిచింది లేదు, అడిగించుకున్నది లేదు. ఆమె మూడో పేరుకు బండారి రుద్దేది, బెల్లంముక్క పెట్టేది. రాలిన పసుపు కింది పేరు మీద పడితే కొంగుతో మెల్లగా తుడిచేది.

"ఎవలు కన్న బిడ్డనో. వాని మొఖం నేనెందుకు ఖరాబు జెయ్యాలె," అనేది.

ఎనిమిదేండ్లు గడిచాయి. ఆ బడి వరండాలోనే సాయంత్రాలు పెద్దలకు చదువు మొదలుపెట్టారు. పనికాగానే సమ్మమ్మ పలక పట్టుకొని కూచునేది.

"అ ఆలు దిద్దవేందవ్వా? ఎప్పుడు చూసినా యా రాస్తున్నవు," అని కళావతి టీచర్ నవ్వింది.

"కలెక్టర్ కొలువు చేస్తనా బిడ్డా? నాకు ఒక్క పేరొస్తే చాలు."

టీచర్ ఆమె చెయ్యి పట్టి నెలరోజులు యాకయ్య అని దిద్దించింది.

ఆ తర్వాతి బేస్తారం సమ్మమ్మ పలక మీద పేరు రాసుకొని రాయి దగ్గరికి పోయింది. మూడో పేరు పక్కన పలక ఆనించింది. అక్షరాలు కలవలేదు. పసుపు పేరుకుపోయిందేమోనని నీళ్లు పోసి గోటితో గీకింది. అక్షరాలు తేటగా లేచాయి. అందులో యా లేదు.

గద్దె మీద కూలబడింది. ఇన్నేండ్లు ఎవరికి మొక్కింది తను? అసలు ఈ రాయి మీద కొడుకు ఉన్నాడా లేడా?

మొగిలయ్య వచ్చి చూశాడు. "ఇది ఉప్పలయ్య గదక్కా," అన్నాడు. పలక మీది పేరు చూశాడు. "నువ్వు అందరికీ కలిపి మొక్కుతున్నవనుకున్న," అన్నాడు.

"మరి నావోడు?"

"గిదే. దీని కిందనే." బెత్తెడు కింద వేలు పెట్టాడు.

పలక ఆనించి చూసింది. అచ్చరం అచ్చరం కలిసింది.

"ఇది నాలుగోది గాదా? మేస్త్రి మూడోదన్నడు."

ఆ మాట నోట్లో ఉండగానే ఆమెకు తెలిసిపోయింది. మేస్త్రి గోడ వరుసలు నేల నుంచి పైకి లెక్కపెడతాడు. ఏండ్ల తరబడి ఆయన గోడలకు ఇటుకలందించిన తనకు ఎరుక లేనిదా? కింది నుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. యాకయ్య.

"బెత్తెడు దూరంల పెట్టుకొని కొడుకును ఉపాసముంచిన మొగిలన్నా."

మొగిలయ్య ఆమె కొంగు వంక చూశాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ చివర పచ్చగానే ఉంటుంది.

"ఉపాసమేందక్కా. ఎనిమిదేండ్లు కొంగుతోని మొఖం తుడిచింది వానిదే గదా."

సమ్మమ్మ కొంగు చివర చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. తర్వాత లేచింది.

"ఈ ఉప్పలయ్యకు తల్లి ఉన్నదా?"

"ఎరుక లేదక్కా."

ఎప్పటిలాగే ముందు మూడో పేరుకు బండారి పెట్టింది. అటెనుక నాలుగో పేరుకు పెట్టింది. పసుపు ఐదో పేరు మీద రాలింది. కొంగు తీసి మెల్లగా తుడిచింది.