తెలుపక్క దగ్గరికి తిరిగొచ్చిన కారు

షెడ్డులో అందరూ ఆమెను తెలుపక్క అనేవారు. మనిషి తెల్లగా ఉంటుందని కాదు. పాత కార్లలో ఎండకీ ఏళ్లకీ పసుపుబారిపోయిన ప్లాస్టిక్ సామానును మళ్లీ తెల్లగా చెయ్యడం ఆమె పని. స్విచ్చులు, అద్దాలు దించే పిడులు, లోపలి దీపం చుట్టూ ఉండే చట్రం, డాష్‌బోర్డులో సామాను పెట్టుకునే అర మూత ఇలాంటివన్నీ మెకానిక్కులు విప్పి, ఒక ట్రేలో వేసి ఆమె బల్ల మీద పెట్టేవారు. ఆమె ట్రే వంక చూసి ముందొక నిట్టూర్పు విడిచేది. ఆ తర్వాతే చేతులకి గ్లవ్స్ తొడుక్కునేది.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక సెలూన్‌లో ఆడవాళ్ల జుట్టుకి రంగులు వేసింది. పొద్దున్న నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. కాళ్లలో నరాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. ఇంకా నిలబడే పని చేస్తే ఆ కాళ్లు నీ మాట వినవని డాక్టరు తేల్చి చెప్పాక, బావ షెడ్డులో సీటు కవర్లు కుట్టడానికి చేరింది. బావ అంటే అక్క మొగుడు. పాత కార్లు బాగుచేయడంలో గట్టివాడు. ఓపిక మాత్రం ఆవగింజంత.

ఆమె చేరిన నెలలోనే ఒక పాత టాక్సీ వచ్చింది. దాన్ని నడిపే ముసలాయన పని మానేస్తూ, బండికి ఒకసారి అన్నీ చేయించి ఇంట్లో పెట్టుకుందామని తెచ్చాడు. ఇంజను కుదిరింది, రంగు పడింది. లోపలి ప్లాస్టిక్ దగ్గర బావకి చిక్కొచ్చిపడింది. ఒక స్విచ్చు పట్టుకుని సబ్బుతో తోమాడు, థిన్నరుతో తుడిచాడు, చివరికి గరుకు కాగితం అందుకున్నాడు.

"గీకకు బావా," అంది ఆమె కుట్టుమిషను దగ్గర్నుంచే. "అది మురికి కాదు. లోపల్నుంచి తేలిన రంగు."

"అయితే ఏం చెయ్యమంటావు, దండం పెట్టమంటావా?"

"జుట్టు రంగు దించడానికి మేమొక క్రీము వాడేవాళ్లం. నల్లటి జుట్టునే గడ్డి రంగుకి దించేసేది. దీన్ని దించదా?"

బావ పగలబడి నవ్వాడు. "కారుకి జడ కూడా వేస్తావా ఏంటి?"

మర్నాడు ఆమె సెలూన్ నుంచి ఒక డబ్బా క్రీము, ఒక బ్రష్షు తెచ్చింది. విరిగిపోయిన ఒక పిడికి క్రీము పట్టించి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, మేడ మీద ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి కడిగి చూస్తే పిడి పాలమీగడలా ఉంది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొత్తం ట్రే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ సాయంత్రానికే మెకానిక్కులు వేళాకోళంగా తెలుపక్క అన్నారు. పేరు అతుక్కుపోయింది. కుట్టుమిషను మూలకి చేరింది.

కూర్చుని చేసుకునే పని అని వచ్చిన మనిషికి ఈ విధంగా మళ్లీ కాళ్ల మీద పని తగులుకుంది. మేడకి ఇరవై మూడు మెట్లు. ఎండ జరిగిన కొద్దీ సామాను జరపాలి, అరగంటకోసారి తిప్పాలి, క్రీము ఎక్కడైనా ఆరితే మళ్లీ పట్టించాలి. ఆరిపోతే అక్కడ పాలిపోయిన మచ్చ పడుతుంది, అది మరి పోదు. మబ్బు పడితే చేసిందంతా మళ్లీ మొదటికి. పదకొండేళ్లు ఆమె ఆ మెట్లు ఎక్కింది, దిగింది. ఇంటికెళ్లాక కాళ్లు దిండు మీద పెట్టుకుని గోడ వంక చూస్తూ ఉండేది. టీవీ పెట్టుకోవడానికి కూడా లేవబుద్ధి అయ్యేది కాదు.

పన్నెండో ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆ మొదటి టాక్సీ తిరిగొచ్చింది.

నడుపుకుంటూ తెచ్చింది ముసలాయన కాదు, ఆయన పక్కింటి మనిషి. ముసలాయన పక్క సీట్లో కూర్చుని, దిగేటప్పుడు తలుపు అంచు తడుముకున్నాడు. షెడ్డులోకి వస్తూనే గట్టిగా అడిగాడు.

"తెల్లగా చేసిన ఆ అమ్మాయి ఉందా, పోయిందా?"

"ఉన్నాను బాబాయ్," అంది తెలుపక్క. యాభై నాలుగేళ్లొచ్చాక ఒకరు అమ్మాయి అనడం ఆమెకి కొంచెం నవ్వు తెప్పించింది.

"నువ్వు చేసిన తెలుపు ఏమైంది? బండి కొంటానన్నాయన లోపలికి తొంగి చూసి, ఏంటండీ అంతా పసుపుముద్దలా ఉంది అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది."

ఆమె తలుపు తీసి చూసింది. ప్రాణం ఉసూరుమంది. ఒక్కొక్కటీ తన చేతుల్తో కడిగి తుడిచిన సామాను. పదకొండేళ్ల క్రితం ఎలా ఉందో మళ్లీ అలాగే ఉంది, కొన్ని చోట్ల ఇంకా ముదిరింది. రంగు కొన్నాళ్లకి తిరగబెడుతుందని తర్వాతి రోజుల్లో ఆమెకి తెలిసింది, వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పేది కూడా. ఈయనకి చెప్పలేదు. అప్పటికి తనకే తెలీదు.

అదే మాట చెప్పింది. "ఇంకోసారి చేస్తాను బాబాయ్. కానీ ప్లాస్టిక్ పెళుసెక్కింది. ఒకటో రెండో విరిగినా విరగొచ్చు."

"మరి ఇన్నేళ్లూ మీకు కనపళ్లేదా ఇది?" అని బావ మధ్యలో కలగజేసుకున్నాడు.

ముసలాయన కారు తలుపు మీద చెయ్యి వేశాడు. "కంటి వెనక నరం దెబ్బతింది బాబూ. ఆపరేషన్‌తో పోయేది కాదన్నారు. మనుషులు నీడల్లా కనిపిస్తారు. తెలుపో పసుపో నాకేం తెలుస్తుంది?" అని, ఆమె వైపు తిరిగాడు. "నడపలేను కాబట్టి ఇచ్చేస్తున్నాను. ఇచ్చేటప్పుడు దానికి మొహం కడిగి ఇవ్వాలి కదా అమ్మాయ్."

సామాను విప్పుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి. ఒకరి మీద వదిలేసి ఇంటికి వెళ్లనన్నాడు. గోడ పట్టుకుని మెట్లెక్కి, నీళ్ల ట్యాంకు నీడలో కుర్చీ వేయించుకున్నాడు. మొదటిరోజు పొద్దుటి నుంచీ మబ్బే. ఆయన అయిదు నిమిషాలకోసారి "వచ్చిందా ఎండ?" అనేవాడు. ఆమెకి విసుగు నెత్తికెక్కింది.

"వస్తే వేడికి మీకే తెలుస్తుంది బాబాయ్, నన్నడగడం ఎందుకు?"

ఆయన నొచ్చుకోలేదు. "నిజమే," అని తల ఊపాడు.

రెండోరోజు ఎండ కాసింది. తొమ్మిదింటికల్లా ముప్ఫై సామాన్లు చెక్కల మీద వరసగా పరిచింది. డాష్‌బోర్డు అర మూత పెద్దది, వాటి పక్కన పట్టక, పిట్టగోడ దగ్గర విడిగా పెట్టింది. పదకొండు దాకా కింద వేరే పనికీ పైన ఈ పనికీ ఆరుసార్లు ఎక్కి దిగింది. ఏడోసారి పైకొచ్చి సామానంతా ఒకసారి తిప్పింది. ఇంకో కుర్చీ లాక్కుని, అయిదు నిమిషాలు కళ్లు మూసుకుందామనుకుంది.

కళ్లు తెరిచేసరికి ట్యాంకు నీడ అటువైపు గోడ మీదికి పాకిపోయి ఉంది. లేచి చూస్తే ముసలాయన చెక్కల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో సామానూ తడుముతూ, చేత్తో ఎండ వేడి ఎక్కడుందో చూసుకుని అక్కడికి జరుపుతున్నాడు. కాగితం విప్పి, క్రీము పట్టించి, మళ్లీ చుడుతున్నాడు. గ్లవ్స్ లేవు. వేళ్ల కొసలు సున్నంలో ముంచినట్టు తెల్లబడ్డాయి.

"అయ్యో బాబాయ్! మీ చేతులు!"

ఆయన్ని రెక్క పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కెళ్లింది. రెండు చేతులూ నీళ్ల కింద పెట్టి పట్టుకుంది.

"మంటేం లేదులే," అన్నాడు.

"లేకపోతే మొహం అలా పెట్టారేం? నన్ను లేపొచ్చు కదా!"

"లేపుదామనే వచ్చాను. గురక పెడుతున్నావు. నలభై ఏళ్లు టాక్సీ తోలాను అమ్మాయ్. అలిసిపోయి నిద్రపోయిన మనిషిని ఇల్లొచ్చేదాకా లేపకూడదు." చేతులు నీళ్లలోనే ఉంచి ఆయన మళ్లీ అన్నాడు. "నువ్వు చేస్తుంటే పొద్దుట్నుంచీ విన్నాను. బ్రష్షు చప్పుడూ, కాగితం చప్పుడూ. అదే చేశాను. కానీ ముప్ఫయ్యే దొరికాయి. ఒకటెక్కడుందో తెలియలేదు."

ఆమె మొహం అటు తిప్పుకుంది. సెలూన్‌లోగానీ షెడ్డులోగానీ, నువ్వు కాస్త కూర్చో నేను చూస్తాను అన్నవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. కొళాయి కట్టేసి, గబగబా పిట్టగోడ దగ్గరికి వెళ్లింది.

మూత మీద క్రీము ఆరిపోయింది. కడిగితే మిగతాదంతా బాగానే ఉంది గానీ, ఒక మూల అరచెయ్యంత మచ్చ తేలింది.

సాయంత్రం అన్నీ బిగించారు. బిగిస్తుంటే ఒక పిడి పుటుక్కున విరిగింది, బావ పాత సామాన్లలోంచి అలాంటిదే వెతికి పెట్టాడు. మూత బిగించే ముందు బావ ఆమెను పక్కకి పిలిచి గుసగుసగా అన్నాడు. "ఆయనకెలాగూ కనపడదు. కొనే ఆయన అడిగితే పాతబండి కదండీ అంటాడు ఈయన. నువ్వేం నోరెత్తకు."

ఆమె తల అడ్డంగా ఊపి, నేరుగా ముసలాయన దగ్గరికి వెళ్లింది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని స్విచ్చులు తడుముతున్నాడు.

"తెల్లగా వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. మూతకి మాత్రం ఒక మూల మచ్చ పడింది బాబాయ్. నేను నిద్రపోయినందువల్ల. అది పోదు."

"చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు."

"చెప్పకపోతే నాకు నిద్రపట్టదు."

"నీకా! నిద్రపట్టకపోవడం!" అని ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆమెకీ నవ్వాగలేదు. తర్వాత ఆయన అర మూత మీద వేళ్లు పెట్టి, "ఏ మూల?" అని అడిగాడు. ఆమె ఆయన వేలు పట్టుకుని మచ్చ చుట్టూ తిప్పింది. "సరే. ఆయనకి నేనే చెప్తాను," అన్నాడు.

కొనే ఆయన వారం తర్వాత వచ్చి, మచ్చ చూసి, కాసేపు గొణిగి, బండి తీసుకెళ్లాడట. ఆ సంగతి చెప్పడానికి ముసలాయన షెడ్డుకి ఫోన్ చేశాడు. వేళ్ల తెలుపు ఆ రోజే పోయిందని కూడా చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక తెలుపక్క బావ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులే వస్తాను బావా. మేడ మీద పని ఉన్నప్పుడు ఒక మెకానిక్‌ని నాతో పంపు. సామాను మోసేది అతను, చూసేది నేను."

"ఇదెక్కడి గొడవ? ఎండ నీ నాలుగు రోజులే చూసుకుని కాస్తుందా?"

"కాయకపోతే పని ఆగుతుంది."

బావ ఆమె కాళ్ల వంక చూశాడు. ఆ కాళ్లని ఆయన సరిగ్గా చూడటం బహుశా అదే మొదటిసారి. "అక్కకి నువ్వే చెప్పు," అని మాత్రం అన్నాడు.

మొదటి సెలవు రోజున ఆమె పది దాటేదాకా పడుకుంది. అక్క వచ్చి తలుపు కొట్టి, ఒంట్లో బాగాలేదా అని కంగారుగా అడిగింది.

"బాగానే ఉందే అక్కా," అంది ఆమె లోపల్నుంచి. "ఇంకాసేపు పడుకోనీ."